నడుముకు పిస్టల్ సరే, బీరువాలో ఉన్న తుపాకీ మాటేమిటి?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో నాకు చిన్న బంగారు కొట్టు ఉంది. రాత్రి షాపు కట్టేశాక నగదు, కొంత సరుకు పట్టుకుని స్కూటర్ మీద మల్కాజ్‌గిరి వెళ్తాను. ఈమధ్య ఇద్దరు బైక్ మీద మెట్టుగూడ దాకా నా వెనకాలే వచ్చారు. హెచ్1బీ మీద డాలస్‌లో ఉంటున్న మా బావమరిది గ్లాక్ 43 అనే చిన్న పిస్టల్ కొనుక్కుని చొక్కా కింద పెట్టుకు తిరుగుతున్నాడు. టెక్సాస్‌లో పర్మిట్ కూడా అక్కర్లేదట. నాకూ పైకి కనపడని చిన్న పిస్టల్ కావాలి. రివాల్వర్ మంచిదా, పిస్టలా? బావమరిది వచ్చేటప్పుడు ఒకటి తెమ్మనవచ్చా? మా నాన్నగారి పేర డబుల్ బ్యారెల్ తుపాకీ ఇంట్లో ఉంది. ఆయన పోయిన ఏడాది కాలం చేశారు. ఆ లైసెన్సు చూపిస్తే నాకు కొత్తది తేలిగ్గా వస్తుందా?

జవాబు: మీరు చివర్లో మాటవరసకు రాసిన దానితోనే మొదలుపెడతాను, ఎందుకంటే అసలు ప్రమాదం అక్కడుంది. లైసెన్సు ఇచ్చేది మనిషికి. నాన్నగారు పోయారు, ఆ లైసెన్సూ పోయింది. తుపాకీ ఇంకా మీ బీరువాలోనే ఉంటే, ఇవాళ మీరు లైసెన్సు లేకుండా ఆయుధం దగ్గర పెట్టుకున్నట్టే. 1959 నాటి ఆయుధాల చట్టంలో దీనికి శిక్షను 2019 సవరణతో పెంచారు. ఇప్పుడు కనీసం 2 ఏళ్లు, గరిష్ఠంగా 5 ఏళ్లు జైలు, దానిమీద జరిమానా. 'నాన్నగారి గుర్తుగా ఉంచుకున్నాం' అంటే కేసు రాసే ఎస్సై సానుభూతి చూపిస్తాడేమో గాని, సెక్షన్ మారదు.

రేపే ఒక కాగితం రాయండి. నాన్నగారి పేరు, లైసెన్సు నంబరు, తుపాకీ మీద చెక్కిన నంబరు, తూటాలెన్ని ఉన్నాయో, మరణ ధ్రువీకరణ పత్రం జత చేస్తున్నట్టు. దానితో మీ పరిధిలోని పోలీస్ స్టేషన్లో గాని, లైసెన్సు ఉన్న ఆయుధాల డీలరు దగ్గర గాని తుపాకీని డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. ముందు స్టేషన్‌కు ఫోన్ చేసి చెప్పి మరీ వెళ్లండి, దారిలో ఎవరైనా ఆపితే ఆ కాగితం చేతిలో ఉండాలి. చనిపోయినవారి ఆయుధాన్ని వారసులు అనవసర జాప్యం లేకుండా అప్పగించాలని 21వ సెక్షన్ చెబుతోంది. ఏడాది ఆలస్యాన్ని దాచకుండా ఒక వాక్యంలో కారణం రాయండి. తర్వాత మీ తోబుట్టువుల నిరభ్యంతర పత్రాలతో వారసుడిగా మీ పేర లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, లేదా ఆ తుపాకీని చట్టబద్ధంగా అమ్మేయవచ్చు. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే పరిమితి అన్న సంగతి కూడా లెక్కలో పెట్టుకోండి.

ఇక మీ పిస్టల్. మోడల్ ఎంచుకోవడం నుంచి మొదలుపెట్టారు, ఇక్కడ అది ఆఖరి మెట్టు. అమెరికాలో ఆయుధం ధరించే హక్కు 1791 నుంచి రాజ్యాంగంలోనే ఉంది. మన రాజ్యాంగం అలాంటి హక్కు ఇవ్వలేదని సుప్రీంకోర్టు 2023లో అక్రమ ఆయుధాల వ్యవహారం విచారిస్తూ మళ్లీ గుర్తు చేసింది. కాబట్టి అక్కడి యూట్యూబ్ రివ్యూలు చూసి గ్లాక్ 43నో, గ్లాక్ 19నో మనసులో పెట్టుకోవద్దు. అవి రెండూ 9 ఎంఎం. మన దగ్గర అది నిషిద్ధ బోరు (బోరంటే తుపాకీ గొట్టం లోపలి వెడల్పు). దానికి లైసెన్సు కేంద్ర హోంశాఖ చేతిలో ఉంటుంది, మామూలు వ్యాపారికి దక్కదు. లైసెన్సు లేకుండా దొరికితే 7 నుంచి 14 ఏళ్లు.

మీకు ముఖ్యంగా మిగిలేది పాయింట్ 32 బోరు. అందులో రివాల్వరూ ఉంది, పిస్టలూ ఉంది. రెండూ పాయింట్ 32 అంటారు గాని ఒకదాని తూటా రెండోదానికి పనికిరాదు. రివాల్వర్ తూటాకు అడుగున అంచు ఉంటుంది, పిస్టల్ తూటా పొట్టిది. లైసెన్సు పుస్తకంలో ఏది రాశారో సరిచూసుకోకుండా డీలరు దగ్గరికి వెళ్లవద్దు. కాన్పూర్ ఆయుధ కర్మాగారం 2014లో తెచ్చిన 'నిర్భీక్' రివాల్వర్ బరువు 500 గ్రాములు. మహిళల కోసమని ప్రచారం చేశారు గాని, తేలికది కావాలనుకున్న మగవాళ్లూ అడుగుతారు. పిస్టల్లో ప్రభుత్వ కర్మాగారాలది 'అశని' ఉంది. రివాల్వర్‌కు మధ్యలో తూటాలుండే గుండ్రటి సిలిండర్ ఉబ్బుగా ఉంటుంది, హైదరాబాద్ ఎండల్లో వేసుకునే పల్చటి చొక్కా కింద అది తెలిసిపోతుంది. పిస్టల్ బల్లపరుపుగా ఒంటికి అతుక్కుంటుంది, కాని మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె), స్లైడు (వెనక్కి లాగే పైభాగం), సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) చేతికి అలవాటు కావాలి. సాధన చేసే తీరిక లేదంటే రివాల్వరే నయమని నా అభిప్రాయం. షాపు వదిలి సాధనకు షూటింగ్ రేంజికి వెళ్లే బంగారు వ్యాపారిని నేనైతే చూడలేదు.

లైసెన్సు ఇచ్చే అధికారం కమిషనరేట్ పరిధిలో పోలీస్ కమిషనర్‌ది, జిల్లాల్లో కలెక్టర్‌ది. మీరు 21 ఏళ్లు దాటి ఉండాలి, నేరచరిత్ర ఉండకూడదు. పోలీసు విచారణ, వైద్య ధ్రువపత్రం, ఆయుధ భద్రత శిక్షణ, ఇంట్లో భద్రంగా దాచే ఏర్పాటుకు హామీపత్రం, ఇవన్నీ ఉంటాయి. ఎక్కువమంది తప్పేది 'ఎందుకు కావాలి' అన్న గడి దగ్గర. 'ప్రాణరక్షణ కోసం' అని రెండు ముక్కలు రాస్తే ఫైలు పక్కన పడుతుంది. మిమ్మల్ని వెంబడించిన రాత్రి స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చారా? ఇవ్వకపోతే ఇప్పుడైనా ఇచ్చి, స్వీకరించినట్టు ముద్ర వేయించుకోండి. మీ షాపు బయటి సీసీ కెమెరా ఫుటేజీ చెరిగిపోకముందే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. జీఎస్టీ, ఆదాయపు పన్ను రిటర్నులు, షాపు లైసెన్సు జత చేయండి. తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా అడిగి 30 రోజుల్లో అప్పీలు చేయాలి. ఆ తర్వాతే హైకోర్టు. వేరే రాష్ట్రం చిరునామా చూపించి వారంలో లైసెన్సు తెప్పిస్తామనే బ్రోకర్లూ, పాతబస్తీలో తపంచా (నాటు పిస్టల్) ఇప్పిస్తామనే వాళ్లూ తగులుతారు. ఇద్దరూ మిమ్మల్ని చేర్చేది చంచల్‌గూడ జైలుకే.

కనపడకుండా పెట్టుకోవడం గురించి అడిగారు. అది మీ ఇష్టం కాదు, నిబంధన. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం బహిరంగ స్థలంలో చేతి తుపాకీ హోల్‌స్టర్‌లాంటి ఒరలో, పూర్తిగా కప్పి, మీ అదుపులో ఉండాలి. బయటికి తీసి ఝళిపిస్తే లైసెన్సు రద్దు కావచ్చు. స్కూటర్ డిక్కీలో పెట్టి టీ తాగడానికి వెళ్తే అది 'అదుపులో' ఉన్నట్టు కాదు. కౌంటర్లో కుర్రాడి చేతికి, కొడుకు చేతికి ఇవ్వకూడదు. మెట్రోలోకి రానివ్వరు. ఎన్నికల కోడ్ వచ్చి కమిషనర్ ఆదేశిస్తే స్టేషన్‌లో అప్పగించాలి. బరాత్‌లో గాల్లోకి పేల్చడం విడిగా ఒక నేరం, రెండేళ్ల దాకా జైలు.

పేల్చే హక్కు ఎంతవరకు అన్నది మీరు అడగలేదు, అయినా చెప్పాలి. భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణవి. దోపిడీ చేస్తున్నవాడిని ఎదిరించడంలో వాడి ప్రాణం పోయినా చట్టం కాపాడే సందర్భాలున్నాయి. కాని దోపిడీ విషయంలో ఆ హక్కు, తక్షణం చావో గాయమో నిర్బంధమో తప్పదన్న భయం ఉన్నంతసేపే. కత్తి మీ మెడ మీద ఉండగా పేల్చడం వేరు, సంచి లాక్కుని అల్లంత దూరం పోయినవాడి వీపు మీద పేల్చడం వేరు. రెండోదానికి మీరు హత్య కేసులో ముద్దాయి కావచ్చు. ఆత్మరక్షణ అని చూపించాల్సిన భారం మీది, తుపాకీ రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్‌కు వెళ్తుంది. లైసెన్సు వచ్చేలోపు, వచ్చాక కూడా, రాత్రి సరుకు వెంట తీసుకెళ్లడం మానేసి షాపులోనే మంచి సేఫ్, బీమా చూసుకోండి. పెప్పర్ స్ప్రేకు లైసెన్సు అక్కర్లేదు.

బావమరిదిని తెమ్మనవద్దు. గ్లాక్‌ను సామానులో పెట్టుకుని శంషాబాద్‌లో దిగితే కస్టమ్స్ కేసు, ఆయుధాల చట్టం కేసు రెండూ అతని మీదే. అంతకన్నా ముందు ఆయన ఇంకో సంగతి చూసుకోవాలి. టెక్సాస్ 2021లో పర్మిట్ ఎత్తేసిన మాట నిజమే. కాని అక్కడి ఫెడరల్ (కేంద్ర) చట్టం హెచ్1బీలాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్నే నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సులాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అవి లేకపోతే 15 ఏళ్ల దాకా శిక్ష పడవచ్చు, వీసా సంగతి సరేసరి. వేట లైసెన్సు ఉందో లేదో ఇవాళే ఫోన్ చేసి అడగండి. లేదంటే ఆ తుపాకీని ఏం చేయాలో అక్కడి లాయరును కలిసి తేల్చుకోమనండి.