గ్రీసు పండుగలు, తెల్ల గౌన్లు, సీరోస్‌లో నేను చూసిన ఈస్టర్

"గ్రీసులో పండుగలకి ఇప్పటికీ పాతకాలం బట్టలు కడతారా? అక్కడివాళ్ళకి భక్తి ఎక్కువేనా?" అని అడిగారు. మాది విశాఖపట్నం, ఓడల్లో ఇంజనీరుని. 2019లో మా ఓడ మరమ్మతు కోసం సీరోస్ అనే చిన్న దీవిలో డాక్ ఎక్కింది. సరిగ్గా వాళ్ళ ఈస్టర్ రోజులు. కాబట్టి విన్నది కాదు, చూసింది చెప్తాను.

బట్టల సంగతి ముందు తేల్చేస్తాను. ఫొటోల్లో మీరు చూసే తెల్ల కుచ్చిళ్ళ గౌను పేరు ఫుస్తనేలా. ఏథెన్సులో పార్లమెంటు ముందు కాపలా కాసే ఎవ్జోన్ సైనికులు ఆదివారాలు, పెద్ద పండుగలప్పుడు వేసుకుంటారు. దానికి 400 కుచ్చిళ్ళు, తుర్కుల ఏలుబడిలో గడిచిన 400 ఏళ్ళకి గుర్తు అంటారు. మార్చి 25న, వాళ్ళ స్వాతంత్ర్య దినం నాడు, బడిపిల్లలు కూడా వేసుకుని కవాతు చేస్తారు. ఆడపిల్లలది అమాలియా దుస్తులు. 19వ శతాబ్దంలో జర్మనీ నుంచి కోడలిగా వచ్చిన రాణి అమాలియా పేరు అది. ఇళ్ళల్లో పండక్కి ఇవేవీ కనబడవు, మనలాగే కొత్తబట్టలు. పిల్లలకి జ్ఞానస్నానమప్పుడు తండ్రిగా నిలబడ్డవాడిని నోనోస్ అంటారు. ఈస్టర్‌కి అతను ఆ బిడ్డకి అలంకరించిన కొవ్వొత్తి, కొత్త బూట్లు తేవాలి. అది తప్పడానికి వీల్లేదు. నీలం గుమ్మటాలు, తెల్లగోడలు, గౌను సైనికులు తప్ప మరోటి చూపించని ట్రావెల్ వీడియోలంటే నాకు ఒళ్ళుమంట.

ఇక అసలు సంగతి. మా థర్డ్ ఇంజనీరు కేరళ కుర్రాడు, క్యాథలిక్కు. మేము రేవు చేరింది ఏప్రిల్ 21. ఆ రోజు వాళ్ళింట్లో ఈస్టర్. ఫోన్‌లో అమ్మతో మాట్లాడి, పండుగపూట ఇంజన్ రూములో ఉన్నానని దిగులుపడ్డాడు. కనీసం చర్చికి వెళ్ళొద్దామని సాయంత్రం ఇద్దరం కొండమీదున్న ఆనో సీరోస్‌కి మెట్లెక్కాం. అది క్యాథలిక్కుల పాత ఊరు. తీరా చూస్తే అక్కడ అందరి చేతుల్లో మట్టలు! వాళ్ళకి ఆ రోజు ఈస్టర్‌కి వారం ముందొచ్చే మట్టల ఆదివారం. చెయ్యిజారిందనుకున్న పండుగ ఇంకో వారం ఉందని తెలిసి ఆ కుర్రాడు అక్కడే మెట్టుమీద కూలబడ్డాడు.

కారణం డాక్‌లో మా ఫోర్‌మన్ చెప్పాడు. గ్రీసులో ఎక్కువమంది ఆర్థొడాక్స్ శాఖ క్రైస్తవులు. వాళ్ళు ఈస్టర్‌ని పాత జూలియన్ క్యాలెండరు లెక్కతో కడతారు, కాబట్టి చాలా ఏళ్ళు మిగతా లోకంతో తేదీ కలవదు. సీరోస్‌లో కొండమీద క్యాథలిక్కులు, కింద ఎర్ముపోలి రేవులో ఆర్థొడాక్స్‌వాళ్ళు. రేవు పట్నం తుర్కులమీద 1821లో మొదలైన స్వాతంత్ర్య యుద్ధంలో ఇతర దీవుల నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు కట్టుకున్నది. తరాలుగా ఒకరి పిల్లని ఇంకొకరు చేసుకుంటున్నారు. అందుకే క్యాథలిక్కులు ఆర్థొడాక్స్ తేదీనే తమ తేదీ చేసుకున్నారు. "ఒకే ఇంట్లో నేను ఉపవాసముంటే నా భార్య మాంసం వండుతుందా?" అన్నాడు ఫోర్‌మన్. ఆమె కొండమీది పిల్ల.

మన సంగతి చూడండి. పంచాంగం లెక్కకి దృక్‌గణితం అని ఒకరు, పూర్వపద్ధతి అని ఒకరు. ఒకే వీధిలో పక్కపక్క ఇళ్ళకి వేరువేరు రోజుల్లో పండుగ, వాట్సాప్‌లో మూడ్రోజుల యుద్ధం. మా ఇంట్లోనే నాన్న ఒక పంచాంగం, బాబాయి ఇంకో పంచాంగం. రెండు వేర్వేరు చర్చిలవాళ్ళు కలవగలిగినప్పుడు ఒకే గుడికి వెళ్ళే మనకేమిటి అడ్డం? నాకిది నిజంగా బాధ.

భక్తి అడిగారు కదా. ఈస్టర్ ముందు 48 రోజులు మాంసం, పాలు, గుడ్లు, చేపలు బంద్. రక్తం లేనివని ఆక్టోపస్, స్క్విడ్, రొయ్యలు మాత్రం తింటారు. అందరూ పాటించరు, మనలో కార్తీకమాసం పాటించేవాళ్ళు ఉన్నట్టే. కానీ ఈస్టర్ ముందు శుక్రవారం, అంటే గుడ్ ఫ్రైడే నాడు, డాక్‌లో పనివాళ్ళు చాలామంది వెనిగర్ చల్లిన పప్పు తప్ప ఏమీ ముట్టలేదు. సిలువమీద క్రీస్తుకి పులిసిన ద్రాక్షరసం ఇచ్చారని దానికి గుర్తు. రోజంతా చావుగంట. రాత్రి ఒక్కో చర్చి నుంచి పూలతో కప్పిన ఎపితాఫియోస్, అంటే క్రీస్తు పాడె, ఊరేగింపుగా వచ్చి మియావులి కూడలిలో కలిశాయి. అన్ని వేలమంది, అన్ని కొవ్వొత్తులు, కానీ మాట లేదు.

శనివారం అర్ధరాత్రి ఫోర్‌మన్ మమ్మల్ని వెంట తీసుకెళ్ళాడు. చర్చిలో దీపాలన్నీ ఆర్పేశారు. చిమ్మచీకట్లో ఫాదరీ ఒక్క మంట పట్టుకుని బయటికొచ్చాడు. ఒకరి కొవ్వొత్తి నుంచి ఒకరికి, నిమిషంలో కూడలి నిండిపోయింది. పన్నెండు కొట్టగానే "ఖ్రిస్తోస్ అనెస్తి", క్రీస్తు లేచాడు. రేవులో ఓడలన్నీ హారన్ కొట్టాయి. ఓడ హారన్‌కి నాకు ఏడుపొచ్చిన ఒక్కటే రాత్రి అది.

మంట ఆరకుండా అరచెయ్యి అడ్డుపెట్టుకుని ఇంటికి నడిచారు. గుమ్మం దగ్గర ఫోర్‌మన్ అత్తగారు కొవ్వొత్తి ఎత్తి, దాని మసితో ద్వారబంధం మీద సిలువ గీసింది. పాత ఏళ్ళ మసి గీతలు ఇంకా ఉన్నాయి. పసుపు పూసిన మా ఇంటి గడప గుర్తొచ్చింది. తరవాత గొర్రెపిల్ల బోటీ, గుడ్డు, నిమ్మరసం వేసిన మయిరిత్స సూపు. ఎర్రరంగు గుడ్లు ఒకదానికొకటి కొట్టి, ఎవరిది పగలకపోతే వాళ్ళది అదృష్టమన్నారు.

తిరిగొచ్చేటప్పుడు నా కొవ్వొత్తి వెలుగుతూనే ఉంది. డాక్ గేటు దగ్గర ఆగాల్సొచ్చింది, లోపలికి మంట తీసుకెళ్ళకూడదు. ఆర్పడానికి మనసొప్పక నిలబడిపోయాను. కాపలా ఉన్న ముసలాయన డ్యూటీ వల్ల చర్చికి వెళ్ళలేకపోయాడు. గదిలోంచి లాంతరు తెచ్చి, నా మంటతో వెలిగించుకుని, అప్పుడు నా కొవ్వొత్తిని తానే ఊదాడు. "ఖ్రిస్తోస్ అనెస్తి" అన్నాడు. అప్పటికి జవాబు నేర్చుకున్నాను, "అలిథోస్ అనెస్తి", నిజంగా లేచాడు.

మర్నాడు పొద్దున్న ఏడింటికి గేటు దాటుతూ చూశాను. కిటికీలో లాంతరు ఇంకా వెలుగుతోంది. పక్కన మా ఇద్దరికీ రెండు ఎర్రగుడ్లు పెట్టి ఉంచాడు.