మందుల కంపెనీల ఉచిత ఇంజెక్షన్ల పథకం మన శ్రీకాకుళం రోగులకి నిజంగా అందుతుందా?

"మా అత్తగారికి రొమ్ము క్యాన్సర్, హెర్2 పాజిటివ్ అన్నారు. ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్‌కి కంపెనీ పథకం ఉంది, కొన్ని కొంటే కొన్ని ఉచితం అంటున్నారు. మాది పాతపట్నం దగ్గర పల్లెటూరు. నమ్మొచ్చా?" అన్నది ప్రశ్న.

నమ్మొచ్చు, ఇంజెక్షన్లు వస్తాయి. కానీ అది మూడో గుమ్మం. ముందు రెండూ తట్టకుండా అక్కడికి వెళ్లొద్దు.

మొదటిది ఎన్టీఆర్ వైద్య సేవ. నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని మందు పేరు చెప్పి అడగండి. "కీమో కవరవుతుందమ్మా" అన్న జవాబుతో లేచి వచ్చేయొద్దు. ఇది కీమో కాదు, హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువున్న క్యాన్సర్ కణాల మీదే గురిపెట్టే టార్గెటెడ్ మందు. ప్యాకేజీలో ఉందో లేదో వేరుగా చూపించమనాలి. రెండోది బయోసిమిలర్, అంటే అసలు బ్రాండులాగే పనిచేసేలా వేరే కంపెనీ చేసిన మందు. 2013లోనే మన దేశంలో దీనికి అనుమతి వచ్చింది, ఇప్పుడు చాలా కంపెనీలు చేస్తున్నాయి. చీటీలో ఒకే బ్రాండు పేరుంటే "ఇదే మందు వేరే కంపెనీది వాడొచ్చా సార్" అని మొహమాటపడకుండా అడగండి. ఉచిత వయల్స్ (మందు సీసాలు) కలుపుకున్నా కూడా బయోసిమిలర్‌కే మొత్తం ఖర్చు తక్కువ పడడం మామూలే. అందుకే ఎన్ని కొంటే ఎన్ని ఉచితం అన్న లెక్క పక్కన పెట్టి, ఏడాదికి చేతి నుంచి ఎంత పోతుందో రాయించుకోండి.

ఆ లెక్కకి ఆధారం బరువు. మూడు వారాల పద్ధతిలో మొదటి డోసు కిలోకి 8 మిల్లీగ్రాములు, తర్వాతవి 6. అంటే 60 కిలోల మనిషికి మొదట 480, ఆ తర్వాత ప్రతిసారీ 360. పెద్ద వయల్ 440. అందులో 360 తీశాక మిగిలిన 80 మిల్లీగ్రాములు పారబోస్తారా, దాస్తారా? ప్యాక్‌తో వచ్చిన బ్యాక్టీరియోస్టాటిక్ నీటితో (క్రిములు పెరగకుండా మందు కలిపిన నీరు) కలిపితే 2 నుంచి 8 డిగ్రీల ఫ్రిజ్‌లో 28 రోజులు నిలవుంటుంది, కాబట్టి 21వ రోజు డోసుకి పనికొస్తుంది. మామూలు స్టెరైల్ వాటర్‌తో కలిపితే అప్పుడే వాడేయాలి, మిగిలింది వృథా. ఈ ఒక్క ప్రశ్న నర్సమ్మని అడగడం వల్ల ఏడాదిలో కొన్ని వయల్స్ మిగులుతాయి.

ఇక కంపెనీ పథకం. బయాప్సీ రిపోర్టు, హెర్2 రిపోర్టు కావాలి. 3 ప్లస్ అయితే సరే, 2 ప్లస్ అని ఉంటే అటో ఇటో తేలదు కాబట్టి ఫిష్ (FISH) అనే జన్యు పరీక్ష కూడా అడుగుతారు. డాక్టరు సంతకం, స్టాంపు, రిజిస్ట్రేషన్ నంబరు, ఆధార్, ఆదాయ రుజువు, కొన్న ఒరిజినల్ బిల్లు. చాలా పథకాలు ఖాళీ వయల్ కూడా వెనక్కి అడుగుతాయి. అది పారేయొద్దని ముందే చెప్పండి.

ఎక్కడ తన్నుతుందంటే, మీ వైపు కుటుంబానికే జరిగింది వినండి. దగ్గరే కదా అని సరిహద్దు దాటి పర్లాకిమిడిలో వయల్ కొన్నారు. మందు అసలుదే, ఒంట్లోకి ఎక్కింది కూడా. కానీ ఆ షాపు పథకం జాబితాలో ఉన్న స్టాకిస్టు కాదు, బిల్లు మీద బ్యాచ్ నంబరు లేదు. దానికి తోడు ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఓపీ చీటీలో ఒక్క అక్షరం. ఫైలు వెనక్కి వచ్చింది. సరిదిద్దించుకుని తెచ్చేసరికి డోసు వారం దాటిపోయింది. ట్రాస్టుజుమాబ్‌లో డోసు వారం కంటే ఎక్కువ ఆలస్యమైతే మళ్లీ 8 లెక్కన మొదలుపెట్టాలి. 360 పట్టే చోట 480 పట్టింది. కాగితం ఆలస్యం మందు ఖర్చుగా మారేది ఇలాగే. అందుకే పేరు ముందు ఓపీలోనే ఆధార్‌లో ఉన్నట్టు దిద్దించుకోండి. ముఖ్యమంత్రి సహాయనిధికి కూడా ఒరిజినల్ బిల్లులే అడుగుతారు, ఒక బిల్లు రెండు చోట్లకి వెళ్లదు. ఏ బిల్లు ఎటో మొదటి రోజే విడదీసి పెట్టుకోండి.

ఈ పథకాలని కంపెనీలు "అందుబాటు" అని చెప్పుకుంటే ఒళ్లు మండుతుంది. ఉచితంగా ఇచ్చిన వయల్ ఎమ్మార్పీని ఒక్క రూపాయి తగ్గించదు. ముద్రించిన ధర అలాగే ఉంటుంది, ఫారం నింపలేని వాళ్లు దాన్నే కడతారు. అందుబాటు అంటే ధర తగ్గడం. కాలేయ, కిడ్నీ క్యాన్సర్లకి వాడే సోరాఫెనిబ్ చూడండి. నెలకి 2,80,000 రూపాయల పైన ఉండేది. 2012 మార్చిలో పేటెంట్ కంట్రోలర్ హైదరాబాద్ నాట్కోకి కంపల్సరీ లైసెన్స్ (పేటెంట్ ఉన్న కంపెనీ ఒప్పుకోకపోయినా మందు చేసుకునే అనుమతి) ఇస్తే 8,880కి వచ్చింది. అక్కడా అసలు కంపెనీ తన సహాయ పథకాన్ని చూపించింది, అయినా మందు అవసరమైన వాళ్లలో సుమారు 2 శాతానికే చేరిందని కంట్రోలర్ తేల్చారు. మందుల ఫ్యాక్టరీల పొగ పీల్చే పైడిభీమవరం పక్క పల్లెలవాళ్లు మందు కోసం ఫారాలు పట్టుకుని విశాఖ తిరగాల్సి రావడం అన్యాయం. ప్రభుత్వంతో మాట్లాడేటప్పుడు కంపెనీలు ఉచిత స్ట్రిప్పుల గురించి కాకుండా ఎన్టీఆర్ వైద్య సేవకి ఏ ధరకి ఇస్తారో చెప్పాలి.

మీ పనికి తిరిగొస్తే, ట్రాస్టుజుమాబ్ అత్యవసర మందుల జాబితాలో ఉంది కనుక దానికి గరిష్ఠ ధర ఉంటుంది. షాపుకి వెళ్లేముందు ఫోన్లో ఫార్మా సహీ దామ్ అనే ప్రభుత్వ యాప్ తెరిచి చూడండి. అంతకంటే ఎక్కువ అడిగితే బిల్లు తీసుకుని మందుల ధరలు చూసే కేంద్ర సంస్థ ఎన్‌పీపీఏకి ఫిర్యాదు పెట్టండి. ఇంజెక్షన్ ఊరికి తీసుకెళ్లొద్దు, ఆసుపత్రి ఫ్రిజ్‌లోనే మీ పేరు రాయించి పెట్టించండి.