జపాన్‌లో ఎమ్మెస్: ముందు వెతకాల్సింది సెన్సెయిని

చి. సౌజన్యకు ఆశీస్సులు.

సివిల్ బీటెక్ మూడో ఏడాదిలో ఉండగానే జపాన్ ఎమ్మెస్ గురించి ఆలోచిస్తున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఇంత ముందుగా మొదలుపెట్టడం చాలా మంచిదయింది, ఎందుకంటే అక్కడి పద్ధతికి ఏడాదిన్నర వ్యవధి నిజంగానే కావాలి. జీఆర్ఈ రాసి, పది యూనివర్సిటీలకు అప్లై చేసి, అడ్మిట్ల కోసం ఎదురుచూసే అమెరికా పద్ధతిని పూర్తిగా పక్కన పెట్టు. జపాన్‌లో ఇంజినీరింగ్ మాస్టర్స్ అంటే ఒక ప్రొఫెసర్, అక్కడి మాటలో సెన్సెయి, నడిపే ల్యాబులో చేరడం. ఆయన "సరే" అననిదే చాలాచోట్ల అప్లికేషన్ ఫారం కూడా ముందుకు కదలదు. ఆ ముందస్తు ఒప్పుకోలునే అక్కడ నైదకు అంటారు. నీ కష్టంలో సగం దానికోసమే పెట్టాలి.

ముందు అర్హత సంగతి. మాస్టర్స్‌కు పదహారేళ్ల చదువు ఉండాలన్నది మూల నియమం. ఇంటర్ తర్వాత నాలుగేళ్ల బీటెక్ చేస్తే సరిగ్గా పదహారు. మీ తమ్ముడిలా పాలిటెక్నిక్ చేసి ఈసెట్‌తో రెండో ఏడాదిలో చేరినా పది, మూడు, మూడు కలిపి పదహారే అవుతుంది. ఇబ్బందల్లా మూడేళ్ల బీఎస్సీ, బీకాం వాళ్లకే. 2016లో నిబంధన మార్చి, విదేశాల్లో మూడేళ్ల డిగ్రీ చేసినవాళ్లకూ దారి ఇచ్చారు. అయినా కొన్ని యూనివర్సిటీలు విడిగా అర్హత పరిశీలన జరుపుతాయి, దాని గడువు అసలు అప్లికేషన్ గడువు కంటే నెలా రెండు నెలలు ముందుంటుంది. ఇది తెలియక గడువు దాటబెట్టుకునేవాళ్లు చాలామంది. నీ స్నేహితుల్లో బీఎస్సీ వాళ్లుంటే చెప్పు.

యూనివర్సిటీలు మూడు రకాలు: నేషనల్, స్థానిక ప్రభుత్వాలవి, ప్రైవేటు. ఇంజినీరింగ్ పరిశోధనకు నేషనల్ వాటి మీదే ముందు దృష్టి పెట్టమంటాను. టోక్యో, క్యోటో పేర్లు అందరికీ తెలుసు. తోహోకు, నగోయా, క్యూషూ, హొక్కైదో కూడా పాత ఇంపీరియల్ యూనివర్సిటీలే. అక్కడ పరిశోధన ఏమీ తక్కువ కాదు, ఇంటి అద్దెలు మాత్రం టోక్యోతో పోలిస్తే బాగా తక్కువ. నేషనల్ యూనివర్సిటీల ప్రామాణిక ఫీజు ఏడాదికి 5,35,800 యెన్లు, ప్రవేశ రుసుము 2,82,000, మాస్టర్స్ పరీక్ష రుసుము 30,000. మొదటి ఏడాది మొత్తం ఎనిమిదిన్నర లక్షల యెన్లకు కాస్త తక్కువ. యెన్ను అర్ధరూపాయికి కొంచెం పైన లెక్కేసుకో. అయితే ఈ ప్రామాణిక ఫీజును నమ్ముకుని మీ నాన్నకు లెక్క చెప్పేయకు. 2024 నుంచి విదేశీ విద్యార్థుల ఫీజు ఎంత పెట్టాలో నేషనల్ యూనివర్సిటీలే నిర్ణయించుకోవచ్చు. 2027 ఏప్రిల్ నుంచి చేరే విదేశీ విద్యార్థులకు 9,00,000 యెన్లని తోహోకు ప్రకటించింది. నువ్వు చేరే ఏడాది అడ్మిషన్ గైడులో ఉన్న అంకె ఒక్కటే లెక్క.

ఇక కెంక్యూసెయి అనే మెలిక. మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. దాన్ని రీసెర్చ్ స్టూడెంట్ అని ఇంగ్లిషులో రాస్తారు కాబట్టి పీహెచ్‌డీ లాంటిదేమో అనుకుంటారు. అది డిగ్రీ కాదు. ఆరు నెలలో ఏడాదో ల్యాబులో కూర్చుని, భాష నేర్చుకుంటూ మాస్టర్స్ ప్రవేశ పరీక్షకు సిద్ధమయ్యే దశ. నేషనల్ యూనివర్సిటీల్లో దీనికి ప్రామాణిక ఫీజు నెలకు 29,700, ప్రవేశ రుసుము 84,600, పరిశీలన రుసుము 9,800 యెన్లు. తర్వాత పరీక్ష పాసైతే మాస్టర్స్ ప్రవేశ రుసుము మళ్లీ పూర్తిగా కట్టాలి. పాస్ కాకపోతే ఆ ఏడాదికి చేతికొచ్చే సర్టిఫికెట్టుకు మన దగ్గర విలువ ఉండదు. సెన్సెయి "ముందు కెంక్యూసెయిగా రా" అంటే అది తిరస్కారం కాదు, అక్కడ మామూలే. కానీ ఒప్పుకునే ముందు రెండు ప్రశ్నలు వేయి. మాస్టర్స్ పరీక్ష ఏ నెలలో, ఏ భాషలో? భారతదేశం నుంచే ఆన్‌లైన్ ఇంటర్వ్యూతో నేరుగా మాస్టర్స్‌లో చేరే ప్రత్యేక ప్రవేశం మీ విభాగంలో ఉందా? ఇంగ్లిషు కోర్సులున్న చాలా విభాగాల్లో ఈ రెండో దారి ఉంటుంది. అది దొరికితే అదే పట్టుకో.

మామూలు ప్రవేశ పరీక్ష చాలా యూనివర్సిటీల్లో ఆగస్టులో జరుగుతుంది, వచ్చే ఏప్రిల్ సీట్లకు. గణితం, సబ్జెక్టు పేపర్లుంటాయి, ఇంగ్లిషుకు తరచుగా టోఫెల్ లేదా టోయిక్ స్కోరు తీసుకుంటారు. పాత ప్రశ్నపత్రాలు విభాగం వెబ్‌సైట్లో పెడతారు, లేకపోతే ఆఫీసుకు రాసి అడగొచ్చు. నీకు గేట్ కోసం చదివిన గణితం బాగా పనికొస్తుంది. ప్రశ్నలు బహుళైచ్ఛికం కావు, మెట్టుమెట్టుగా రాసి చూపించాలి.

సెన్సెయికి రాసే మెయిల్ దగ్గర తొందరపడకు. ల్యాబు వెబ్‌సైట్ తెరిచి సభ్యుల పేజీ చూడు. విదేశీ విద్యార్థులు ఎవరైనా ఉన్నారా, గత మూడేళ్లలో పేపర్లు వచ్చాయా అన్నది అక్కడే తెలుస్తుంది. తర్వాత సెన్సెయి వయసు అంచనా వేయి. చాలా నేషనల్ యూనివర్సిటీల్లో పదవీ విరమణ 65కి. రెండు మూడేళ్లలో దిగిపోయే ప్రొఫెసర్ కొత్త విద్యార్థిని తీసుకోలేడు. ఆయన కాదన్నది నిన్ను చూసి కాదని తెలియక కుంగిపోతావు. ఆయన డిగ్రీ పూర్తయిన సంవత్సరాలు ప్రొఫైల్లో ఉంటాయి, లెక్క కట్టుకోవచ్చు.

మెయిల్ సబ్జెక్టు లైనులోనే ఏ కోర్సు, ఏ సంవత్సరం, ఏ నెల ప్రవేశం అన్నది రాయి. సంబోధనలో ఇంటిపేరు, దాని పక్కన సెన్సెయి, అంతే. మన అలవాటు కొద్దీ "రెస్పెక్టెడ్ సర్" అనొద్దు, అది వందమందికి పంపిన మెయిల్‌లా కనిపిస్తుంది. మొదటి పేరాలో నీ కాలేజీ, బ్రాంచి, డిగ్రీ పూర్తయ్యే నెల. రెండో పేరా అసలైనది. ఆయన పేపర్ ఒకటి చదివి అందులో ఒక నిర్దిష్టమైన విషయాన్ని పట్టుకోవాలి. ఉదాహరణకు, కాంక్రీటు పగుళ్లను ఫోటోల ద్వారా గుర్తించే పద్ధతి తడి గోడల మీద సరిగా పనిచేయలేదని ఆయన రాశారనుకో. మీ కాలేజీ ప్రాజెక్టులోనూ అదే కనిపిస్తే ఎన్ని నమూనాల మీద చూశారు, ఎంత తేడా వచ్చింది అని రాయి. ఆ నాలుగు వాక్యాలే నీకు జవాబు తెస్తాయి. ఒక పేజీ రెజ్యూమె, రెండు పేజీల పరిశోధన ప్రణాళిక, మార్కుల మెమో జత చెయ్యి. ఒకే విభాగంలో ఇద్దరికి ఒకేసారి పంపకు. వాళ్లు ఒకే అంతస్తులో ఉంటారు, మాట్లాడుకుంటారు. రెండు వారాలు ఆగి ఒకసారి గుర్తుచేయి, తర్వాత ఇంకొకరిని చూసుకో. ఫిబ్రవరిలో, మార్చి మొదట్లో థీసిస్ పరీక్షల హడావుడి ఉంటుంది, అప్పుడు పంపిన మెయిల్ అడుగున పడిపోతుంది.

స్కాలర్‌షిప్పుల్లో పెద్దది జపాన్ ప్రభుత్వ విద్యాశాఖ ఇచ్చే మెక్స్ట్. ఫీజు లేదు, విమాన టికెట్ ఇస్తారు, మాస్టర్స్‌లో నెలకు 1,44,000 యెన్లు. ఒక మనిషికి సరిపోతుంది. రెండు దారులున్నాయి. ఎంబసీ దారిలో అప్లికేషన్లు వేసవిలో వస్తాయి, 35 ఏళ్లలోపు ఉండాలి, రాతపరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. మొదటి వడపోత దాటాక యూనివర్సిటీల నుంచి అంగీకార పత్రం తెచ్చుకోవడానికి చాలా తక్కువ రోజులే ఇస్తారు. సెన్సెయితో అప్పటికే పరిచయం లేకపోతే ఆ రోజుల్లో చేయగలిగింది పెద్దగా ఉండదు. యూనివర్సిటీ సిఫారసు దారిలో ఆయనే నిన్ను ముందుకు నెడతాడు. దానికి చివరి రెండేళ్ల మార్కులను మూడు పాయింట్ల స్కేలుకు మారిస్తే కనీసం 2.30 రావాలి. నీ నాలుగో ఏడాది మార్కులు ఎంత ముఖ్యమో దీన్నిబట్టి చూసుకో. సొంత ఖర్చుతో వెళ్లినా అక్కడ చేరాక నెలకు 48,000 యెన్ల ప్రోత్సాహక వేతనానికి పోటీ పడొచ్చు, ఫీజు మినహాయింపుకు ప్రతి సెమిస్టరూ అప్లై చేయొచ్చు. అవి రావచ్చు, రాకపోవచ్చు, వాటిని నమ్ముకుని బయలుదేరకు.

లాంగ్వేజ్ స్కూల్ పేరుతో "వెళ్లి పార్ట్‌టైమ్ చేసి ఫీజు కట్టుకోవచ్చు" అనే కన్సల్టెన్సీ మాట మాత్రం వినకు. క్లాసులు జరిగే రోజుల్లో విద్యార్థులకు వారానికి 28 గంటలే పని. టోక్యోలో కనీస వేతనం 2025 అక్టోబరు నుంచి గంటకు 1,226 యెన్లు. నెలకు 112 గంటలు వేసినా లక్షా ముప్పై ఏడు వేలు. తిండికి, అద్దెకు, ఇన్సూరెన్సుకు సరిపోతుంది, ఫీజుకు మిగలదు. అప్పు తీర్చాలని 28 దాటి చేస్తే వీసా పొడిగింపు దగ్గర దొరికిపోతారు. అలా మధ్యలో వెనక్కి వచ్చిన పిల్లల ఇళ్లలో అప్పు అలాగే ఉంటుంది. అది తలచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

సీటు ఖాయమయ్యాక యూనివర్సిటీయే నీ తరఫున ఇమిగ్రేషన్‌లో సీఓఈ కోసం, అంటే వీసాకు ఆధారమయ్యే అర్హత పత్రం కోసం, అప్లై చేస్తుంది. నెల నుంచి మూడు నెలలు పడుతుంది. ఇచ్చిన తేదీ నుంచి మూడు నెలల్లోపు జపాన్‌లో దిగాలి. నాన్న బ్యాంకు ఖాతాలో చివరి వారం హఠాత్తుగా పెద్ద మొత్తం పడితే ఎక్కడిదని అడుగుతారు. పొలం అమ్మినదైతే ఆ కాగితం జతచేయండి. వీసాకు మన రెండు రాష్ట్రాలూ చెన్నైలోని జపాన్ కాన్సులేట్ పరిధిలోకి వస్తాయి.

దిగి చిరునామా కుదిరిన 14 రోజుల్లో వార్డు ఆఫీసులో చిరునామా నమోదు చేసుకుని జాతీయ ఆరోగ్య బీమాలో చేరు, వైద్యం ఖర్చులో 30 శాతమే నువ్వు కట్టేది. అదే రోజు పెన్షన్ కౌంటరు దగ్గర విద్యార్థి వాయిదా ఫారం అడిగి తీసుకో. ఇరవై దాటినవాళ్లందరికీ నెలకు పదిహేడు వేల యెన్ల పైన బిల్లు వస్తుంది, ఆ ఫారం ఇస్తే ఆగుతుంది. మొదటి ఏడాది యూనివర్సిటీ హాస్టల్‌కే ప్రయత్నించు. బయట గది అంటే డిపాజిట్, యజమానికి తిరిగిరాని కానుక, ఏజెంటు రుసుము, గ్యారంటీ కంపెనీ రుసుము కలిపి నాలుగైదు నెలల అద్దె ముందే చెల్లించాలి.

మాస్టర్స్‌కు 30 క్రెడిట్లు, ఒక థీసిస్. క్రెడిట్లు మొదటి ఏడాదిలోనే అయిపోతాయి, మిగతాదంతా ల్యాబే. వారం వారం సెమినార్‌లో ఏం చేశావో చెప్పాలి. పని జరగని వారం కూడా వెళ్లి, ఎందుకు జరగలేదో చెప్పు. మొహం చాటేయడాన్ని అక్కడ చాలా తీవ్రంగా తీసుకుంటారు.

కోర్సు ఇంగ్లిషులో ఉన్నా జపనీస్ ఈ నెలలోనే మొదలుపెట్టు. ఉద్యోగాల వేట మొదటి ఏడాది చివర మార్చి 1న అధికారికంగా మొదలవుతుంది. జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షలో ఎన్2 స్థాయి (ఎన్5 మొదటి మెట్టు, ఎన్1 చివరిది) లేకపోతే సివిల్ కంపెనీల్లో చాలా తలుపులు తెరుచుకోవు. అప్పటికి ఎన్2 కావాలంటే ఇక్కడి నుంచి ఎన్4 అయినా చేతిలో పెట్టుకుని వెళ్లాలి. జేఎల్‌పీటీ జులైలో, డిసెంబరులో జరుగుతుంది.

ఈ వారమే చేయాల్సిన పని ఒకటుంది. నీ పదో తరగతి సర్టిఫికెట్లో పేరు ముందు ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. జపాన్‌లో అడ్మిషన్ నుంచి బ్యాంకు ఖాతా దాకా అన్నీ పాస్‌పోర్టు అక్షరాల ప్రకారమే నడుస్తాయి. రెండూ ఒకరి పేరేనని అఫిడవిట్ చేయించి పెట్టుకో. కాలేజీ నుంచి వచ్చే ట్రాన్స్‌క్రిప్టు, ప్రొవిజనల్ మాత్రం పాస్‌పోర్టు స్పెల్లింగుతో రాయమని ఇప్పుడే దరఖాస్తు ఇవ్వు. కాగితాలు పోస్టులో పంపాల్సి వస్తే గడువు అంటే అవి అక్కడికి చేరాల్సిన రోజు, మనం ఇక్కడ పోస్టు చేసిన రోజు కాదు. కనీసం పది రోజుల ముందు కొరియర్ చెయ్యి.

మీ పెదనాన్న