సమాధానం: లడ్డు దగ్గర పేచీ పెట్టే నాలుగేళ్ల బాబు

అక్కా, కొండ మీంచి తెచ్చిన లడ్డు బాబుకీ, వాళ్లక్క అయిన పాపకీ చెరి సగం ఇచ్చినా, పాప వాటా రెండు ముక్కలయ్యేసరికి 'దానికే ఎక్కువ' అని బాబు ఏడుస్తున్నాడని, ఎంత చెప్పినా వినట్లేదని రాశారు. టెన్షన్ పడకండి, అది మొండితనం కాదు.

సుమారు రెండు నుంచి ఏడేళ్ల వరకు పిల్లల ఆలోచనను స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త పియాజే పూర్వ ప్రచాలక దశ అన్నారు. ఈ వయసులో కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే ఒక్క విషయమే వాళ్ల మనసుకు ఎక్కుతుంది. ముక్కలు రెండా, అయితే ఎక్కువే! ఆ రెండూ కలిపితే మళ్లీ అదే సగం అవుతుందని మనసులోనే వెనక్కి తిప్పి చూసుకోవడం ఇంకా రాదు. వెడల్పు గ్లాసులోని పాలు సన్నటి పొడుగు గ్లాసులో పోసినా 'ఎక్కువైంది' అనే అంటాడు, చూడండి.

అలాగని తెలివి తక్కువని కాదు. దిండును బస్సు చేసి తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కించేది ఈ వయసు పిల్లలే.

వాదించకండి. వాడి ముక్కనూ రెండు చేసి ఇవ్వండి, ఏడుపు ఆగుతుంది. స్నానం చేయించేటప్పుడు చెంబులో నీళ్లు గ్లాసుల్లోకి, మళ్లీ చెంబులోకి వాడి చేతే పోయించండి. 'అక్కను చూసి నేర్చుకో' అని మాత్రం దయచేసి అనొద్దు.