యాంజియో నార్మల్ వచ్చాక గుండెకి పెట్ స్కాన్ ఎందుకు?

మీ నాన్నగారికి షుగర్ ఉంది, యాంజియోలో బ్లాకులు లేవన్నారు, ఆయాసం మాత్రం తగ్గలేదు, ఇప్పుడు అమ్మోనియా పెట్ (కొద్దిగా రేడియేషన్ ఉన్న అమ్మోనియాని రక్తంలోకి ఎక్కించి తీసే స్కాన్) రాశారు. క్యాన్సర్‌కి తీసే స్కాన్ గుండెకెందుకు, గుండె నరాల సంగతి కూడా అందులో తెలుస్తుందా అని మీరడిగారు. మా అత్తగారిదీ ఇదే కథ. నెల్లూరు నుంచి తీసుకొచ్చి ఇక్కడ చెన్నైలో చేయించాం.

యాంజియోలో కనపడేవి పెద్ద నాళాలే. వాటి నుంచి కండరంలోకి పాకే సన్న నాళాలు అందులో తెలియవు, షుగర్ వాటినీ వదలదు. కాలవ నిండుగా పారుతున్నా చివరి మడికి నీళ్లందనట్టు. పెట్ చూసేది ఆ చివరి మడినే: గ్రాము కండరానికి నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తం అందుతోందో లెక్కకట్టి చెబుతుంది. ఊరికే పడుకున్నప్పుడోసారి, అడినోసిన్ లాంటి మందుతో నాళాలు విప్పారాక ఇంకోసారి. రెండో అంకెను మొదటిదాంతో భాగిస్తే వచ్చేదే ఫ్లో రిజర్వ్. 2 దాటితే సాధారణంగా ఫర్వాలేదంటారు. మా అత్తగారికి 1.6 వచ్చింది. అంతవరకూ అందరూ 'ఏం లేదు, అంతా టెన్షన్' అని కొట్టిపారేశారేమో, రిపోర్టు చూసి ఆవిడ 'చూశారా, నేను చెప్పలా' అన్నారు.

అసలు కష్టం కాఫీతో. ముందురోజు నుంచే కాఫీ, టీ, చాక్లెట్, కూల్‌డ్రింకు బంద్, ఎందుకంటే కెఫీన్ అడినోసిన్‌ని పనిచేయనివ్వదు. డికాక్షన్ వాసన లేనిదే తెల్లారని మనిషికి తలనొప్పి రాకుండా ఉంటుందా? బ్యాగులోంచి సారిడాన్ తీశారు. నర్సమ్మ చూసి లాగేసుకుంది, అందులోనూ కెఫీనే! అడినోసిన్ ఎక్కేటప్పుడు మొహం వేడెక్కి ఛాతీ బరువుగా అనిపిస్తుంది, ఆపిన కాసేపటికే సర్దుకుంటుంది. నాన్నగారికి ఆస్తమా ఉంటే ముందే చెప్పండి, చాలా ముఖ్యం.

అమ్మోనియా పేరుకి భయపడొద్దు. అందులోని నైట్రోజన్-13 రేడియేషన్ ప్రతి 10 నిమిషాలకీ సగమవుతుంది. అందుకే దాన్ని తయారుచేసే మిషన్, అంటే సైక్లోట్రాన్, దగ్గర్లో ఉన్నచోటే చేస్తారు. ఆ మిషన్ మొరాయిస్తే వరండాలో ఎదురుచూపులే.

నరాల విషయానికొస్తే, దానికి వాడే మందు వేరు: కార్బన్-11 హైడ్రాక్సీఎఫెడ్రిన్. నరాలు విడుదల చేసే నోరడ్రినలిన్ అనే రసాయనంలాగే గుండెలోని సింపథెటిక్ నరాల (గుండె వేగం పెంచేవి) కొనల్లోకి చేరుతుంది, నరాలు చచ్చినచోట ఖాళీగా కనిపిస్తుంది. ఎక్కువగా పరిశోధనలకే వాడతారు, మీకు రాసింది అది కాదు. మా అత్తగారికి నరాల కోసం వేరే పరీక్షలు చేశారు: పడుకోబెట్టి, లేపి నిలబెట్టి బీపీ, గట్టిగా ఊపిరి తీయించి ఈసీజీ. షుగర్‌తో ఈ నరాలు మొద్దుబారితే గుండెకి రక్తం తగ్గినా నొప్పి తెలియకపోవచ్చు. కాబట్టి నొప్పి లేదుగా అని ఆయాసాన్ని తేలిగ్గా తీసుకోకండి.

రిపోర్టు వచ్చాక 'నార్మలేనా' అని మాత్రం అడిగి లేచి రాకండి. మూడు ప్రధాన నాళాల పరిధిలోనూ ఫ్లో రిజర్వ్ ఎంతెంతుందో విడివిడిగా చెప్పమనండి.