కొత్త కెమెరా వాడే ముందు మాన్యువల్ చదవాలా?

మొత్తం చదవక్కర్లేదు. బ్యాటరీ ఛార్జయ్యేలోపు భాగాల బొమ్మ, లెన్స్ బిగింపు, మెమరీ కార్డు గురించిన పేజీలు తిరగేస్తే చాలు. పెట్టెలో వచ్చేది చాలాసార్లు పల్చటి కాగితమే; పూర్తి పీడీఎఫ్‌ను కంపెనీ సైట్ నుంచి ఫోన్‌లోకి దింపుకోండి, ఆనక అవసరమైనప్పుడు వెతుక్కోవచ్చు.

చదవనివాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది రెండుచోట్ల. వ్యూఫైండర్‌లో, అంటే కన్ను ఆనించి చూసే కిటికీలో, అంతా మసగ్గా ఉంటే లెన్స్ పాడైందనుకుంటారు. నిజానికి చాలాసార్లు దాని పక్కనుండే చిన్న డయోప్టర్ చక్రం మీ చూపుకి సరిపోలేదంతే. లోపలి అంకెలు స్పష్టంగా కనిపించేదాకా తిప్పండి. ఎదుటి దృశ్యాన్ని కాదు, అంకెలనే చూడాలి. రెండోది అసలైన దెబ్బ: కొన్ని మోడళ్లలో కార్డు లేకపోయినా షట్టర్ టక్కుమంటుంది, స్క్రీన్‌పై ఫొటో కూడా కనిపిస్తుంది, కానీ ఎక్కడా సేవ్ కాదు. పెళ్లిలో ఇలా జరిగితే ఇక అంతే సంగతులు! మెనూలో కార్డు లేకుండా షట్టర్ పనిచేసే ఆప్షన్‌ను ఆపేయండి. కొత్త కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. కార్డు లైటు వెలుగుతుండగా కార్డును లాగితే ఫైళ్లు పాడవ్వొచ్చు.

లెన్స్‌ను గుర్తుకి గుర్తు కలిపి, క్లిక్‌మనేదాకా తిప్పండి. బిగుసుకుంటే బలవంతం చేయొద్దు, గుర్తులు కలవలేదన్నమాట.