రూ.12 వేల రోబోటిక్స్ కిట్ కొనివ్వాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈ రెండో సంవత్సరం. రూ.12 వేల రోబోటిక్స్ కిట్ కావాలంటున్నాడు. ఉద్యోగానికి పనికొస్తుందా?
- ఓ తండ్రి, వరంగల్

జవాబు: అంత పెట్టకండి. వైర్లు గుచ్చగానే నడిచే కిట్ బడిపిల్లలకు సరిపోతుంది. మీవాడికి విడిభాగాలే మేలు. ఆర్డ్యునో ఊనో అనే కంట్రోలర్ బోర్డు (నకలు బోర్డు, అంటే క్లోన్ చాలు), మోటార్లకు కరెంట్ అందించే ఎల్298ఎన్ మోటార్ డ్రైవర్, రెండు బీవో మోటార్లు (గేర్లున్న చిన్న పసుపు మోటార్లు), చక్రాలు, ఛాసిస్ (బండి చట్రం), ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) సెన్సర్లు, రెండు 18650 సెల్స్ (రీచార్జ్ చేసుకునే లిథియం సెల్స్), చార్జర్. హైదరాబాద్ వెళ్లినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో తిరిగితే మూడు వేలలో తేలిపోతుంది. వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ కూడా తప్పక తీసుకోండి.

ముందు లైన్ ఫాలోవర్, అంటే గీత వెంట నడిచే బండి చేయమనండి. తెల్ల చార్టు మీద నల్ల ఇన్సులేషన్ టేపు అంటిస్తే ట్రాక్ రెడీ. ఇక్కడ చాలామంది 9 వోల్టుల చిన్న బ్యాటరీ పెట్టి దెబ్బతింటారు. మోటార్లు కదలబోయేటప్పుడు లాగే కరెంట్‌ను అది ఇవ్వలేదు. వోల్టేజీ పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది. చక్రం కాస్త కదిలి ఆగుతుంది, బోర్డు మీది చిన్న లైటు (13వ పిన్ ఎల్ఈడీ) టకటకా మిణుకుతుంది, మళ్లీ అదే తంతు. పిల్లలేమో రాత్రంతా కోడ్‌లో తప్పు వెతుకుతుంటారు! మోటార్ తిరిగేటప్పుడు బ్యాటరీ దగ్గర మీటర్ పెడితే నిమిషంలో దొరికిపోతుంది.

రెండు 18650లు సిరీస్‌లో కలిపితే 7.4 వోల్టులు. ఎల్298ఎన్ అందులో దాదాపు 2 వోల్టులు తానే మింగుతుంది. మిగిలింది బీవో మోటార్‌కు సరిపోతుంది. నాలుగు పెన్సిల్ సెల్స్‌తో 6 వోల్టులే ఇస్తే బండి ఈడ్చుకుంటూ కదులుతుంది. బోర్డుకూ మోటార్లకూ వేర్వేరు బ్యాటరీలు పెడితే గ్రౌండ్లు (మైనస్ వైర్లు) రెండూ కలపాలి.

పొద్దున బాగా నడిచిన బండి మధ్యాహ్నం కిటికీ దగ్గర దారి తప్పిందంటే ఎండలోని ఇన్‌ఫ్రారెడ్ పని అది. సెన్సర్లను నేలకు సెంటీమీటరు లోపే బిగించి, చుట్టూ నల్ల అట్ట కట్టాలి. బండి గీత తప్పకుండా సరిదిద్దే కోడ్ పద్ధతి పీఐడీ; అందులో కేపీ, కేఐ, కేడీ అని మూడు అంకెలుంటాయి. ముందు కేపీ ఒక్కటే పెంచాలి, బండి అటూ ఇటూ ఊగాక కేడీ కలపాలి. కేఐ సున్నా ఉన్నా నడుస్తుంది.

రెజ్యూమేలో 'లైన్ ఫాలోవర్' అని రాస్తే ఎవరూ ఆగి చూడరు, అందరూ రాసేదే. ఎంబెడెడ్ (పరికరాల్లోని చిప్‌లకు ప్రోగ్రామ్ రాసే) ఉద్యోగాల ఇంటర్వ్యూలో 'ఈ డ్రైవరే ఎందుకు?' అంటే కొలిచిన వోల్టేజీలు చెప్పగలిగితే మాట వేరు. అందుకే నోట్‌బుక్‌లో రాసుకోమనండి. సాఫ్ట్‌వేర్ సర్వీసు ఉద్యోగమే లక్ష్యమైతే దీనికి ఇంత సమయం అక్కర్లేదు.

తర్వాత ఎన్‌కోడర్ మోటార్లు (ఎంత తిరిగాయో చెప్పేవి), లాప్‌టాప్‌లో ఉచితంగా దొరికే రాస్ 2 (రోబో సాఫ్ట్‌వేర్), గజీబో (రోబోను తెరమీదే నడిపి చూసే సిమ్యులేటర్) నేర్చుకోవచ్చు. ఐఐటీ బాంబే నడిపే రోబోటిక్స్ పోటీ ఈ-యంత్రకూ స్నేహితులతో జట్టు కట్టొచ్చు.

సెల్స్ చార్జింగ్‌లో పెట్టి పడుకోవద్దని మాత్రం గట్టిగా చెప్పండి.